పేటెంట్ హామీ కోడ్ వెంట వస్తుందా?

ప్రశ్న: ఒక ఫైల్ ఫార్మాట్‌పై పేటెంట్ దావా వేయబోమని కంపెనీ హామీ ఇచ్చింది. దాన్ని చదివే జీపీఎల్ (మార్చి పంచేటప్పుడు అదే లైసెన్సు కింద పంచాలనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ లైసెన్సు) కోడ్‌ను వేరే ప్రోగ్రామ్‌లో వాడొచ్చా?

జవాబు: మీ ప్రోగ్రామ్‌నూ జీపీఎల్ కిందే పంచితే కాపీరైట్ చిక్కు లేదు. చిక్కంతా పేటెంట్‌తోనే. ఇలాంటి హామీయే అయిన మైక్రోసాఫ్ట్ 2006 నాటి ఓపెన్ స్పెసిఫికేషన్ ప్రామిస్ చూడండి: జాబితాలోని స్పెసిఫికేషన్‌ను (ఫార్మాట్ ఎలా ఉండాలో చెప్పే సాంకేతిక వివరణను) అమలు చేసినంత మేరకే, దానికి తప్పనిసరైన పేటెంట్ క్లెయిములకే (పేటెంట్‌లో హక్కు కోరిన అంశాలకే) రక్షణ. ఆ కోడ్‌లోని ఒక ఫంక్షన్‌ను తీసి మరో పనికి పెడితే ఆ రక్షణ అందదు. కోడ్‌ను ఏ పనికైనా వాడుకునే స్వేచ్ఛకు ఇది పెద్ద గండి. హామీలో స్పెసిఫికేషన్ పేరు, వెర్షన్, రద్దు షరతు చదవండి. ఈ ప్రామిస్‌లోనైతే, ఆ స్పెసిఫికేషన్‌ను మైక్రోసాఫ్ట్ అమలు చేసిన తీరుపై మీరు పేటెంట్ దావా వేస్తే, ఆ స్పెసిఫికేషన్‌కు సంబంధించి మీకు హామీ పోతుంది.

వీలైతే అపాచీ 2.0 (మరో స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ లైసెన్సు) లేదా జీపీఎల్ మూడో వెర్షన్ కింద ఉన్న కోడ్ ఎంచుకోండి. వాటిలో పేటెంట్ అనుమతి లైసెన్సులోనే ఉంది, కానీ ఆ కోడ్ అందించినవారి పేటెంట్లకే.