ధ్యానం క్లాసుకు హాజరుపట్టీ ఎందుకు?

ప్రశ్న: పన్నెండు మంది ఉన్న ఒక బృందానికి నేను టీమ్ లీడ్‌ను. ఆరు నెలల క్రితం మా సంస్థలో వెల్‌నెస్ కార్యక్రమం మొదలైంది. వారానికొక ధ్యానం క్లాసు, ఒక మొబైల్ యాప్, కౌన్సెలర్‌తో ఫోన్‌లో మాట్లాడే సదుపాయం ఉన్నాయి. క్లాసు హాజరుపట్టీ నాకు పంపుతారు. కౌన్సెలర్‌కు మా బృందం నుంచి ఒక్కరు కూడా ఫోన్ చేయలేదని నెలవారీ నివేదికలో చూసి బాధపడ్డాను. సమావేశాల్లో అందరికంటే ముందు మాట్లాడే ఒక సహోద్యోగి ఈమధ్య నోరు విప్పడం లేదు. లెక్కల్లో పొరపాట్లు చేస్తున్నారు, అర్ధరాత్రి దాటాక మెయిళ్లు పంపుతున్నారు. ఆయనను ఈ కార్యక్రమం వైపు ఎలా మళ్లించాలి?

జవాబు: మీ ఉత్తరం చదువుతూ ఆ నెలవారీ నివేదిక దగ్గర ఆగిపోయాను. పన్నెండు మందిలో ఎందరు కౌన్సెలర్‌కు ఫోన్ చేశారో మీకు తెలుస్తోందంటే, వచ్చే నెల ఆ సున్నా స్థానంలో ఒకటి కనిపించిన రోజున ఆ ఒక్కరు ఎవరై ఉంటారా అని, మీకు ఇష్టం లేకపోయినా, మీ మనసు వెతకడం మొదలుపెడుతుంది. ఈ సంగతి మీ బృందంలో అందరికీ తెలిసే ఉంటుందని, అందుకే ఎవరూ ఫోన్ జోలికి పోవడం లేదని నా అనుమానం. పేర్లు రాయనంత మాత్రాన గోప్యత దక్కదు. ఇలాంటి లెక్కలను సంస్థ మొత్తానికి కలిపి చూపాలే తప్ప చిన్న బృందాల వారీగా విడదీయకూడదు. ఆ నివేదికనూ, హాజరుపట్టీనీ మీకు పంపడం ఆపమని హెచ్‌ఆర్ విభాగానికి రాయండి. ఆపిన తరువాత ఆ మాట బృందానికి చెప్పండి. కళ్లు మూసుకుని కూర్చున్న మనిషికి తన పేరు ఎదుట టిక్కు పడిందా లేదా అన్న ధ్యాసే ఉంటే ఆ అరగంట కూడా డ్యూటీలో కలిసిపోతుంది.

కార్యక్రమం మీద మీరు పెట్టుకున్న ఆశను కూడా కొంత తగ్గించుకోవాలి. ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ పరిశోధకుడు విలియం ఫ్లెమింగ్ బ్రిటన్‌లోని 233 సంస్థలకు చెందిన 46,336 మంది ఉద్యోగుల సర్వే సమాధానాలను పరిశీలించి 2024లో ఒక అధ్యయనం ప్రచురించారు. యాప్‌లు, ఒత్తిడిని తట్టుకునే శిక్షణలు వంటివాటిలో పాల్గొన్నవారు పాల్గొననివారి కంటే మెరుగ్గా ఏమీ లేరని అందులో తేలింది. అది సర్వే మాత్రమే కనుక ధ్యానం ఎవరికీ పనికిరాదని దాని అర్థం కాదు. ఇష్టపడి చేసేవారిని చేయనివ్వాలి. అయితే, పని తీరు మారకుండా మనిషిని మాత్రమే గట్టిపరచాలనుకుంటే ఫలితం అంతంతమాత్రమే. పని భారం ఎక్కువగా ఉండి, ఆ పనిని ఎలా చేయాలో నిర్ణయించుకునే స్వేచ్ఛ తక్కువగా ఉన్నచోట మానసిక ఒత్తిడి పెరుగుతుందని, పని ఒత్తిడిపై పరిశోధించిన రాబర్ట్ కరాసెక్ 1979లోనే చెప్పారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 మార్గదర్శకాలు సైతం పని పరిస్థితులను సరిదిద్దాలనీ, మేనేజర్లకు మానసిక ఆరోగ్యంపై శిక్షణ ఇవ్వాలనీ సిఫారసు చేశాయి. ఆ శిక్షణ మీకు ఇచ్చారా? ఇవ్వకపోతే అడిగి తీసుకోండి.

మీ సహోద్యోగి సంగతిలో ఆలస్యం చేయవద్దు. యాప్ లింకు పంపి ఊరుకోకుండా, ఇతరులు లేనిచోట కూర్చోబెట్టి, మీరు చూసినది చూసినట్టు చెప్పండి: “ఈమధ్య మీ మెయిళ్లు రాత్రి రెండింటికి వస్తున్నాయి, మీటింగుల్లో మాట్లాడటం లేదు. ఎలా ఉన్నారు?” అని అడిగి, ఆ తరువాత మీరు మౌనంగా ఉండండి. ఆ మౌనం కాస్త ఇబ్బందిగానే ఉంటుంది, దానిని మాటలతో నింపకండి. డిప్రెషన్ అనో, యాంగ్జయిటీ అనో పేరు పెట్టే పని మీది కాదు. ప్రాణానికి ముప్పు ఉంటే తప్ప, ఆయన అనుమతి లేకుండా ఈ మాటలు మరొకరికి చేరవని ముందే చెప్పండి. ఆయన ఏమీ లేదంటే గుచ్చి గుచ్చి అడగకుండా, వారం తిరక్కుండానే మళ్లీ పలకరించండి. పనే భారమైందంటే ఆ రోజే ఒక పనినైనా ఆయన చేతిలోంచి తీసుకోండి. మీరు సాయంత్రం ఇచ్చి పొద్దున్నే అడిగే పనులు ఆ అర్ధరాత్రి మెయిళ్లకు కారణమేమో కూడా చూసుకోండి. ఒకవేళ బతకాలని లేదన్న ధోరణిలో మాట్లాడితే, ఆత్మహత్య ఆలోచనలు వస్తున్నాయా అని సూటిగానే అడగండి. అడిగినందువల్ల ఆ ఆలోచన కొత్తగా పుట్టదు. అవునంటే ఒంటరిగా వదలకుండా వెంటనే వైద్య సహాయం అందేలా చూడండి.

ప్రశ్న: బర్నౌట్ జబ్బా? సెలవు పెడితే తగ్గుతుందా?

జవాబు: ప్రపంచ ఆరోగ్య సంస్థ దీనిని జబ్బుగా కాకుండా, అదుపులోకి రాని దీర్ఘకాలిక పని ఒత్తిడి వల్ల కలిగే స్థితిగా 2019లో నిర్వచించింది. శక్తి అంతా హరించుకుపోవడం, పని మీద విముఖత, చేస్తున్న పనిలో సామర్థ్యం తగ్గిందనిపించడం దాని లక్షణాలు. సెలవు ఊరటనిస్తుంది కానీ అదే పనికి, అదే పద్ధతికి తిరిగి వెళితే ఆ ఊరట ఎక్కువ రోజులు నిలవదు. అందుకే సెలవు పెట్టే ముందే, తిరిగి వచ్చాక ఏ పని తగ్గుతుందో మీ మేనేజరుతో తేల్చుకోండి. సెలవులో ఉన్నా, ఇష్టమైనవారి మధ్య ఉన్నా రెండు వారాలకు పైగా దిగులు వదలకపోతే అది డిప్రెషన్ కావచ్చు కనుక, వైద్యుని కలవడానికి సెలవు పూర్తయ్యేదాకా ఆగవద్దు.