డేటా ఎంట్రీ అగ్రిమెంటు మీద సంతకం పెట్టాను, డబ్బు కట్టాలా?

ప్రశ్న: మాది గుంటూరు బ్రాడీపేట. బీకాం చదివాను. ఇంటి దగ్గరే డేటా ఎంట్రీ పని అంటే ఆన్‌లైన్ అగ్రిమెంటు మీద సంతకం పెట్టి ఆధార్ కాపీ ఇచ్చాను. పని చేసి పంపితే తప్పులున్నాయని, రూ. 5,800 కట్టమన్నారు. ఇప్పుడు వాట్సాప్‌లో లాయర్ నోటీసు వచ్చింది. సాయంత్రంలోగా కట్టకపోతే పోలీసులు ఇంటికొస్తారట. మావారికి ఇంకా చెప్పలేదు. ఏం చేయాలి?

జవాబు: ఒక్క రూపాయి కూడా కట్టకండమ్మా. కడితే 'కేసు వాపసు ఖర్చులు' అంటూ మళ్లీ అడుగుతారు.

మీరు పంపిన నోటీసు చదివాను. పైన కోర్టు ముద్ర, కేసు నంబరు, అడుగున క్యూఆర్ కోడ్. లాయర్ నోటీసు మీద కోర్టు ముద్ర ఉండదు. 'కట్టకపోతే కేసు వేస్తాం' అని వాళ్లే రాశారు, మరి వేయని కేసుకు నంబరెక్కడిది? లాయర్‌కు బార్ కౌన్సిల్ ఇచ్చే ఎన్‌రోల్‌మెంట్ నంబరు మాత్రం లేదు.

మోసంతో పెట్టించిన సంతకమైతే 1872 కాంట్రాక్టు చట్టం 19వ సెక్షన్ కింద ఆ ఒప్పందాన్ని మీరు రద్దు చేసుకోవచ్చు. ఒప్పందం నిజమైనదే అనుకున్నా, 74వ సెక్షన్ కింద కోర్టు ఇప్పించేది సమంజసమైన పరిహారం మాత్రమే. అదీ సివిల్ వివాదం. టైపింగులో తప్పులు దొర్లాయని ఎవరినీ అరెస్టు చేయరు. నేరమంటూ ఉంటే వాళ్లదే: భారతీయ న్యాయ సంహితలో మోసానికి 318, బెదిరించి డబ్బు గుంజడానికి 308 సెక్షన్లున్నాయి. లేని లాయర్ పేరుతో ఫోన్లో మోసగిస్తే ఐటీ చట్టం 66డి కింద మూడేళ్ల దాకా జైలు.

ముందు మీవారికి చెప్పండి. ఆ మోసగాళ్లు ఆడుకుంటున్నది మీ భయంతోనే. చాటింగులు, నోటీసు, అగ్రిమెంటు, ఫోన్ నంబర్లు స్క్రీన్‌షాట్లు తీసి పెట్టుకున్నాకే బ్లాక్ చేయండి. సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి గానీ, జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో గానీ ఫిర్యాదు చేయండి. కంపెనీ వేరే రాష్ట్రానిదైనా మీ దగ్గరి స్టేషన్‌లో జీరో ఎఫ్‌ఐఆర్ (నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా నమోదు చేసేది) అడగవచ్చు. ఆధార్ బయోమెట్రిక్స్ (వేలిముద్రలు, కనుపాప వివరాలు) లాక్ చేయండి. లాయర్ అవసరమైతే, ఆదాయంతో పని లేకుండా మహిళలకు జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా ఇస్తుంది. ఫోన్ 15100.

స్కాన్ పేజీలు చూసి టైపు చేసే పని ఇవాళ సాఫ్ట్‌వేర్ చేసేస్తోంది. దానికి వేలకు వేలు ఇస్తామంటే అనుమానించాల్సిందే. మీకు ట్యాలీ (లెక్కల సాఫ్ట్‌వేర్) వస్తే మిర్చి యార్డు కమీషన్ వ్యాపారుల దగ్గర, ఆడిటర్ల ఆఫీసుల్లో అడిగి చూడండి. ఆన్‌లైన్లోనే చేస్తానంటే ఆ సంస్థ జీఎస్టీ నంబరు ప్రభుత్వ పోర్టల్‌లో సరిచూసి, కొంత అడ్వాన్సు చేతికొచ్చాకే మొదలుపెట్టండి. రిజిస్ట్రేషన్ ఫీజనో డిపాజిట్టనో ఎదురు డబ్బు అడిగితే అక్కడికక్కడే మానేయండి.