పొయ్యి ముందు కూర్చున్న నాన్నకు పని ఇవ్వు

చిరంజీవికి,

స్క్రిప్టు అందింది, దాంతోపాటు ఉత్తరం కూడా. సొంత సినిమా తీయాలంటే నటన మానుకోవాలా అని అడిగావు, దానికి ముందు జవాబు చెప్పేస్తాను: మానుకోవద్దు. దర్శకుడని అనిపించుకోవాలంటే చిన్న వేషాలు మానేయాలని హైదరాబాద్‌లో నీకెవరు చెప్పారో గానీ, వాళ్లు వచ్చి నీ గది అద్దె కట్టరు. సీరియల్లో హీరోయిన్‌కు అన్నయ్య వేషమైనా, ప్రకటనలో ఎరువు బస్తా మోసే రైతు వేషమైనా, వస్తే వెళ్లు. డబ్బు ఒక్కటే కాదు. లైట్లు సర్దుతున్నంతసేపూ ఒక మూల కూర్చుని, ఇంకొకరి సినిమాలో డబ్బు ఎక్కడ వృథా అవుతుందో, దర్శకుడు ఎవరిమీద అరుస్తున్నాడో, ఎవరిమీద అరవలేక ఊరుకుంటున్నాడో చూడమని ఎదురు డబ్బిచ్చి కూర్చోబెట్టే బడి ఇంకోటి లేదు.

వేషాల నుంచి సొంత సినిమాకు వెళ్లడం మన ప్రకాశం జిల్లాకు కొత్త కాదు. మైనంపాడు నుంచి వెళ్లిన మాదాల రంగారావు నవతరం పిక్చర్స్ పెట్టి 1980లో 'యువతరం కదిలింది' తీశారు. నిర్మాత ఆయనే, తెర మీద ముందు నిలబడ్డదీ ఆయనే. దర్శకత్వం మాత్రం ధవళ సత్యం చేతిలో పెట్టారు. మరుసటి ఏడాది 'ఎర్రమల్లెలు'కూ అంతే. నీ స్క్రిప్టు అట్ట మీద కథ, మాటలు, దర్శకత్వం, కూర్పు, కథానాయకుడు అని వరసగా నీ పేరే ఉంది. వీటిలో కూర్పును ఇవాళే ఇంకొకరికి ఇచ్చెయ్. తన ముఖాన్ని తాను కత్తిరించుకోగల నటుణ్ణి నేనింతవరకు చూడలేదు.

ఒక సినిమా తీశాక మళ్లీ పాత పనికి వెళ్లాల్సి వస్తే నలుగురూ ఏమనుకుంటారో అని రాశావు. ఏమీ అనుకోరు. సూళ్లూరుపేట దగ్గర మంగళంపాడులో పుట్టిన ఆత్రేయ 1961లో 'వాగ్దానం'కు దర్శకత్వం వహించి, తిరిగి పాటల దగ్గరికే వచ్చారు. ఆయన్ని చిన్నచూపు చూసినవాళ్లు ఉన్నారా?

ఇక స్క్రిప్టు. కొండపి చుట్టుపక్కల పొగాకు రైతు ఇంటి కథ ఎంచుకున్నందుకు సంతోషం. కానీ నటుడు రాసినప్పుడు తరచూ కనిపించే లోపం ఇందులో నిండా ఉంది. తండ్రి, అక్క, కమీషన్ వ్యాపారి, అందరూ నీ మాటకు దారి ఇచ్చి పక్కకు తప్పుకుంటున్నారు. వాళ్లకు వేరే పని లేదు. ఏళ్ల తరబడి నీ పేజీలో నీ డైలాగు కిందే గీత గీసుకున్న అలవాటు ఇది.

పొగాకును వేడితో ఆరబెట్టే కొట్టం, అదే బ్యారన్, దాని దగ్గర రాత్రి సీను తీసుకుందాం. పొయ్యి ముందు తండ్రి కూర్చుని ఉంటాడు. కొడుకు హైదరాబాద్ వెళ్లిపోతానని చెప్తాడు. రెండు పేజీల మాటలు. తండ్రి వింటాడు, కళ్లు తుడుచుకుంటాడు. అబ్బాయ్, బ్యారన్ వెలుగుతున్న రాత్రి ఏ రైతైనా అంతసేపు కదలకుండా కూర్చుంటాడా? మీ నాన్నను అడుగు. కర్రలకు కట్టిన పచ్చాకు లోపల అంతస్తులుగా వేలాడుతుంటుంది. ఆకు పసుపు తిరిగేదాకా వేడి తక్కువగా ఉండాలి. ఆ తర్వాత పెంచుకుంటూ పోయి, ఈనె ఎండే వేళకు దాదాపు 160 డిగ్రీల ఫారెన్‌హీట్‌కు తేవాలి. ఐదారు రోజులు రాత్రీపగలూ ఇదే కాపలా. తొందరపడి మంట పెంచితే ఆకు రంగు చెడుతుంది, వేలంలో ధర పోతుంది. కర్ర జారి ఆకు వేడి గొట్టం మీద పడితే బ్యారన్ మొత్తం తగలబడుతుంది. అంటే ఆయన టార్చి పట్టుకుని లేచి థర్మామీటర్ చూసి రావాలి, కట్టె ఒకటి లోపలికి నెట్టాలి, ఇంకొకటి బయటికి లాగాలి. కొడుకు చెప్పదలచుకున్న ముఖ్యమైన మాట సరిగ్గా ఆయన వెనక్కి తిరిగినప్పుడు పడాలి. ఆయన విన్నాడో లేదో కొడుక్కు తెలియకూడదు. అప్పుడు నీ రెండు పేజీలు ఆరు వాక్యాలవుతాయి. ఆ సీను తండ్రిది అవుతుంది. నటుడిగా నీకు నొప్పిగానే ఉంటుంది, ఓర్చుకో.

వేలం కేంద్రం సీనూ ఇంతే. పొగాకు కట్ట, అంటే బేలు, పక్కన రైతు నిలబడి ఉండగా కొనేవాళ్లు చూసి, ధర చెప్పకుండానే ముందుకు పోతారు. నోబిడ్. బేలు మళ్లీ ఇంటికే. దానికి నువ్వు నేపథ్యంలో పాట పెట్టావు. తీసెయ్. ఆ బేలును తిరిగి బండికి ఎత్తడానికి ఇద్దరు కావాలి, రెండో మనిషి ఎవరు? కథ అక్కడుంది.

ఉలవపాడు వైపు రొయ్యల చెరువు గట్టు మీద అక్కాతమ్ముళ్లు గుసగుసలాడే రాత్రి సీను ఒకటి రాశావు. రాత్రిపూట నీళ్లలోకి గాలి కలిపే ఏరియేటర్లు తిరుగుతుంటాయి. నీ షూటింగ్ కోసం వాటిని ఎవరూ ఆపరు, నీళ్లలో ఆక్సిజన్ పడిపోతే పంట పోతుంది. డబ్బింగులో సరిచేయవచ్చులే అనుకుంటున్నావేమో. నా మాట విని వాళ్లిద్దరినీ అరుచుకుంటూ మాట్లాడుకోనివ్వు. రహస్యాన్ని కేక పెట్టి చెప్పుకోవలసి రావడం గుసగుస కన్నా బాగుంటుంది. పైగా ఖర్చులేదు.

విడుదల గురించి ఇప్పుడే ఎక్కువ ఆలోచించకు. వసూళ్ల జాబితా నైజాం (తెలంగాణ), సీడెడ్ (రాయలసీమ)తో మొదలై గుంటూరు, నెల్లూరుతో ముగుస్తుంది. ఒంగోలు పేరైతే అందులో ఉండనే ఉండదు. సూళ్లూరుపేటలో అంత పెద్ద తెర కట్టారు కదా, మనకొక ఆట ఇవ్వరా అన్నావు. తెర పెద్దదైనకొద్దీ దాన్ని నింపాల్సిన జనమూ పెరుగుతారు. ముందు ఒంగోలులో ఒక చిన్న హాలు మాట్లాడి, పొగాకు రైతుల్ని పిలిచి చూపించు. ఎక్కడ నవ్వకూడదో అక్కడ నవ్వితే వెంటనే తెలిసిపోతుంది. ఓటీటీ వాళ్లు కొంటారన్న లెక్కతో మాత్రం అప్పు చేయకు. స్నేహితులే కదా అని కాగితం లేకుండా పని చేయించుకోకు, ముఖ్యంగా సంగీతం చేసే అబ్బాయితో. ఫుటేజీ రెండు డిస్కుల్లో, రెండు ఇళ్లలో ఉంచు.

ఒక్క విషయంలో మాత్రం తొందరపడు. బ్యారన్లు ఏడాది పొడుగునా వెలగవు. ఆకు చేతికొచ్చే ఆ రెండు మూడు నెలలు దాటితే మళ్లీ వచ్చే ఏడాదే. కాబట్టి సంక్రాంతి నుంచి సీరియల్ వాళ్లకు డేట్లు ఇవ్వనని ఇప్పుడే చెప్పు. తండ్రి వేషానికి ఒంగోలు నాటకాల వాళ్లలో ఒకాయన నా మనసులో ఉన్నారు. మార్చిన సీను పంపితే ఆయన చేతికిచ్చి చదివిస్తాను.

ఆశీస్సులతో,
మాస్టారు