పెద్ద హార్డ్ డిస్క్ ఆన్‌లైన్‌లో కొనే ముందు అమ్మేవాళ్లెవరో చూడండి

కాకినాడలో పెళ్లి వీడియోల స్టూడియో నడుపుతున్నానని, ఫుటేజ్ దాచుకోవడానికి 16 టీబీ హార్డ్ డిస్క్ కావాలని రాశారు. మీరు అడిగినవి మూడు. ఒక సైట్‌లో 2,999 రూపాయలకే కనిపిస్తున్న 16 టీబీ పోర్టబుల్ డిస్క్ కొనవచ్చా? సర్వర్లలో వాడే పెద్ద డిస్కులు ఆన్‌లైన్ సెల్లర్ల దగ్గర తీసుకుంటే ఇబ్బంది ఉంటుందా? ఒకటే పెద్దది కొనాలా, రెండు చిన్నవా? నేను వరంగల్‌లో ఇదే పనిలో ఉన్నాను. మా స్టూడియోకి డిస్కులు తెప్పించే బాధ్యత ఏళ్ల తరబడి నాదే. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ఆ 2,999 రూపాయలది కొనకండి. అందులో 16 టీబీ ఉండే అవకాశమే లేదు. జేబులో పట్టే పోర్టబుల్ డిస్కుల్లో ఉండేది 2.5 అంగుళాల డ్రైవ్. వాటిలో చాలా ఏళ్లు 5 టీబీయే గరిష్ఠం, 2024లో వెస్ట్రన్ డిజిటల్ 6 టీబీ తెచ్చింది. 16 టీబీ కావాలంటే 3.5 అంగుళాల డ్రైవ్ ఉండాలి. అది చేతికి బరువుగా తగులుతుంది, 12 వోల్టుల అడాప్టర్ గోడకు పెట్టనిదే తిరగదు. ఎస్ఎస్‌డీ (తిరిగే భాగాల్లేని, చిప్‌లతో చేసిన డ్రైవ్) అని చెప్పి అమ్మినా అంతే, ఆ సామర్థ్యం ఉన్న ఎస్ఎస్‌డీ ధర లక్షల్లో ఉంటుంది.

మా దగ్గర పనిచేసే కుర్రాడొకడు ఇలాంటిదే తెప్పించుకున్నాడు. కంప్యూటర్‌కి పెడితే 16 టీబీ అనే చూపించింది, ఫైళ్లు కూడా చక్కగా కాపీ అయ్యాయి. కొన్ని రోజుల తర్వాత ఓ తలంబ్రాల క్లిప్ తెరవబోతే తెరుచుకోలేదు. ఫైల్ పేరుంది, సైజు ఉంది, లోపల మాత్రం వీడియో లేదు. పెట్టె విప్పి చూశాం. బొటనవేలంత సర్క్యూట్ బోర్డు, దాని మీద జిగురుతో అంటించిన మెమరీ కార్డు, బరువు కోసం ఓ ఇనుప ముక్క. అంతే. కార్డు నిండాక కొత్త డేటా పాతదాని మీదే రాసుకుపోతుంది. కానీ బోర్డులోని సాఫ్ట్‌వేర్ అబద్ధపు సామర్థ్యం చెబుతుంది కాబట్టి కంప్యూటర్‌కి ఆ సంగతి తెలియదు. అదృష్టవశాత్తూ ఆ ఫుటేజ్ కాపీ మా దగ్గర ఇంకొకటి ఉంది. లేకపోతే ఆ పెళ్లివారికి ఏం జవాబు చెప్పేవాళ్లం? పెళ్లి మళ్లీ చేసుకోమనలేం కదా.

ఒక సంగతి మాత్రం గుర్తుంచుకోండి. ఇప్పుడు ప్రపంచంలో హార్డ్ డిస్కులు తయారు చేస్తున్నవి మూడే కంపెనీలు: సీగేట్, వెస్ట్రన్ డిజిటల్, తోషిబా. పెట్టె మీద ఎవరి పేరున్నా లోపలి డ్రైవ్ వీటిలో ఒకదానిదే అయ్యుండాలి. ఊరూ పేరూ లేని బ్రాండ్ మీద భారీ అంకె కనిపిస్తే ఆ పేజీ మూసేయండి.

ఇక అసలు విషయం, సెల్లర్. అమెజాన్ అయినా ఫ్లిప్‌కార్ట్ అయినా అది ఒక బజారు. అందులో కొట్టు ఎవరిదన్నదే ముఖ్యం. ధర కింద చిన్న అక్షరాల్లో అమ్మేవారి పేరు ఉంటుంది, దాని మీద నొక్కండి. వాళ్లు ఎంతకాలంగా ఉన్నారు, ఇంకా ఏం అమ్ముతున్నారు, ఇటీవల కొన్నవాళ్లు ఏమంటున్నారు, అన్నీ చదవండి. నిన్నటిదాకా చీరలో మొబైల్ కవర్లో అమ్మి ఇవాళ హఠాత్తుగా సర్వర్ డ్రైవ్‌లు అమ్మే సెల్లర్ జోలికి నేను పోను. రివ్యూల్లో నక్షత్రాలు లెక్కపెట్టకుండా అక్కడ రాసింది చదవండి. డిస్క్ పేజీలో 'కవర్ మెత్తగా ఉంది, ఫోన్‌కి బాగా సరిపోయింది' అని కనిపిస్తే, పాత వస్తువు పేజీని అలాగే ఉంచి వస్తువును మార్చేశారన్న మాట.

న్యాయమైన ధర ఎంతో తెలియాలంటే సికింద్రాబాద్ పార్క్ లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ షాపులకు ఫోన్ చేసి అదే మోడల్ నంబర్ చెప్పి అడగండి. ఆన్‌లైన్ ధర దానికి కొంచెం అటూ ఇటూ ఉంటే సరే. సగం ధరకే వస్తోందంటే అది వాడిన డిస్క్ అయినా అయ్యుండాలి, వారంటీ లేనిదైనా అయ్యుండాలి.

వాడిన డిస్కుల సంగతి చెప్పాలి, ఎందుకంటే మీ రెండో ప్రశ్నకు జవాబు అక్కడే ఉంది. సర్వర్ తరగతికి చెందిన 16 టీబీ డ్రైవ్ ఒకటి కొత్తదని చెప్పి ఒక సెల్లర్ మాకు పంపారు. యాంటీస్టాటిక్ కవర్ సీలు బాగానే ఉంది. కానీ పక్కన స్క్రూ బిగించే రంధ్రాల చుట్టూ పెయింట్ లేచిపోయి లోహం మెరుస్తోంది. సాటా కనెక్టర్ (కేబుల్ తగిలించే చోటు) బంగారు రంగు పట్టీల మీద సన్నటి నిలువు గీతలున్నాయి. కొత్త డ్రైవ్‌కి ఈ రెండూ ఉండవు, ఎప్పుడో ఎక్కడో బిగించి తీస్తేనే పడతాయి. డిస్క్ పరిస్థితి చూపే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే సాఫ్ట్‌వేర్‌లో చూస్తే పవర్ ఆన్ అవర్స్, అంటే డిస్క్ పనిచేసిన గంటలు, సున్నా. అక్కడితో ఆగి ఉంటే కొత్తదే అనుకునేవాళ్లం. సీగేట్ డ్రైవ్‌లలో తమ వాడకాన్ని రాసుకునే ఫార్మ్ అనే మరో లాగ్ ఉంటుంది, స్మార్ట్‌మాన్‌టూల్స్ అనే సాఫ్ట్‌వేర్ 7.4 వెర్షన్ నుంచి దాన్ని చదవవచ్చు. అందులో 20 వేల గంటలు దాటి ఉంది. ఆపకుండా తిరిగితే ఏడాదికి 8,760 గంటలు, అంటే అది రెండేళ్లకు పైగా పనిచేసి వచ్చిన డిస్క్. పైన కనిపించే అంకెను ఎవరో సున్నా చేశారు, లోపలి లాగ్ మాత్రం వాళ్ల చేతికి చిక్కలేదు.

సెల్లర్‌ని అడిగితే 'టెస్టింగ్ కోసం కాసేపు ఆన్ చేశాం సార్' అన్నారు. పార్సెల్ విప్పుతూ తీసిన వీడియో, స్క్రూ రంధ్రాల ఫోటోలు, లాగ్ స్క్రీన్‌షాట్ కలిపి సైట్ వాళ్లకు పెట్టాం. రిటర్న్ గడువు ఇంకా ఉంది కాబట్టి డబ్బు తిరిగి వచ్చింది.

ఇలా జరగడం మన దగ్గరే కాదు. 2025 జనవరిలో జర్మనీలో చాలామందికి సీగేట్ వారి సర్వర్ రకం ఎక్సోస్ డ్రైవ్‌లు ఇలాగే కొత్తవన్న పేరుతో వచ్చాయి. డిస్క్‌లో చోటు వాడి సంపాదించే చియా అనే క్రిప్టో కాయిన్ కోసం చైనాలో రాత్రింబవళ్లు తిప్పి వదిలేసిన డిస్కులు కావచ్చని అక్కడి పత్రికలు రాశాయి. 2021లో ఆ కాయిన్ మోజులో పెద్ద డిస్కులు ఎగబడి కొన్నారు, ధర పడిపోయాక అవన్నీ ఎక్కడికో ఒక చోటికి చేరాలి కదా. వాడిన డిస్క్ అమ్మడం తప్పు కాదు. రీఫర్బిష్డ్ (వాడినదాన్ని సరిచేసినది) అని చెప్పి, తగ్గ ధరకు, తగ్గ వారంటీతో అమ్మితే రెండో కాపీకి నేనూ కొంటాను. కొత్తదని చెప్పి అమ్మడమే మోసం.

కాబట్టి డిస్క్ రాగానే డేటా ఎక్కించకండి. ముందు స్మార్ట్ వివరాలు, అంటే డిస్క్ తన పరిస్థితి గురించి తానే రాసుకునే లెక్కలు, క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫోలో చూడండి. రీఅలొకేటెడ్ సెక్టర్లు (పాడై పక్కన పెట్టిన చోట్లు), కరెంట్ పెండింగ్ సెక్టర్లు (చదవడానికి మొరాయిస్తున్న చోట్లు) రెండూ సున్నా ఉండాలి. కొత్త డిస్క్‌లో ఒక్కటి కనిపించినా వాపసు పంపేయండి. సీఆర్‌సీ ఎర్రర్లు (డేటా దారిలో చెడిన లెక్క) పెరుగుతుంటే మాత్రం ఎక్కువసార్లు తప్పు కేబుల్‌దే అవుతుంది, మార్చి చూడండి. తర్వాత డిస్క్ మొత్తం నింపి తిరిగి చదివించండి. విండోస్‌లో హెచ్2టెస్ట్‌డబ్ల్యూ, లినక్స్‌లో ఎఫ్3 ఈ పని ఉచితంగా చేస్తాయి. నకిలీ సామర్థ్యం ఉన్నా, పాడైన చోట్లున్నా ఇక్కడ బయటపడక తప్పదు.

దీనికి ఓపిక కావాలి. సెకనుకు 200 ఎంబీ చొప్పున రాసినా 16 టీబీ నిండటానికి 22 గంటలు పడుతుంది. డిస్క్ లోపలి వలయాల (ట్రాకుల) దగ్గర వేగం తగ్గుతుంది కాబట్టి ఇంకా ఎక్కువే అనుకోండి. తిరిగి చదవడానికి మళ్లీ అంత. అదే పాత యూఎస్‌బీ 2 పోర్టులో పెడితే రాయడానికే నాలుగైదు రోజులు పోతాయి, ఈలోగా రిటర్న్ గడువు ముగిసిపోతుంది. యూఎస్‌బీ 3 పోర్టులోనే పెట్టండి. కంప్యూటర్, డిస్క్ అడాప్టర్ రెండూ యూపీఎస్ మీద ఉండాలి. కరెంటు పోతే పరీక్ష మొదటికి వస్తుంది. రిటర్న్‌కి ఎన్ని రోజులున్నాయో ఆర్డర్ పెట్టే ముందే చూసి, డిస్క్ చేతికొచ్చే వారంలో పెళ్లిళ్లు లేకుండా చూసుకోండి.

మధ్యలో రెండు విషయాలకు కంగారు పడకండి. 16 టీబీ డిస్క్ విండోస్‌లో 14.55 అనే చూపిస్తుంది. కంపెనీ వెయ్యి చొప్పున లెక్క కడుతుంది, విండోస్ 1,024 చొప్పున కడుతుంది. అది మోసం కాదు. 2 టీబీ మాత్రమే కనిపిస్తే డిస్క్‌ని ఎంబీఆర్ అనే పాత పద్ధతిలో ఇనీషియలైజ్ (వాడకానికి సిద్ధం) చేసి ఉంటారు, జీపీటీ అనే కొత్త పద్ధతికి మార్చండి. పాత డాక్ (డిస్క్‌ను కంప్యూటర్‌కి తగిలించే పెట్టె) వాడుతున్నా అలా జరగవచ్చు.

మోడల్ ఎంచుకునేటప్పుడు సీఎంఆరా ఎస్ఎంఆరా అన్నది తప్పక చూడండి. ఇవి డిస్క్ మీద డేటా రాసే రెండు పద్ధతులు. సీఎంఆర్‌లో ట్రాకులు విడివిడిగా ఉంటాయి. ఎస్ఎంఆర్‌లో ట్రాకులు బంగళా పెంకుల్లా ఒకదాని మీదకు ఒకటి కొంత ఎక్కి ఉంటాయి. ఒక చోట మార్చాలంటే పక్కవన్నీ తిరిగి రాయాలి, అందుకే ఎక్కువసేపు రాస్తుంటే వేగం పడిపోతుంది. 2020లో వెస్ట్రన్ డిజిటల్ నాస్ (నెట్‌వర్క్‌కి తగిలించే స్టోరేజ్ పెట్టె) కోసం అమ్మిన రెడ్ డ్రైవ్‌లలో కొన్ని ఎస్ఎంఆర్ అని బయటపడి పెద్ద గొడవైంది, ఆ తర్వాతే సీఎంఆర్ వాటికి రెడ్ ప్లస్ అని పేరు పెట్టారు. ఒకసారి నింపి బీరువాలో పెట్టే డిస్క్‌కి ఎస్ఎంఆర్ అయినా పరవాలేదు. ఎడిటింగ్‌కి, నాస్‌కి మాత్రం సీఎంఆరే తీసుకోండి.

వారంటీ విషయంలో 'సెల్లర్ వారంటీ' అన్న మాట కనిపిస్తే ఆగండి. ఆ కొట్టు ఉన్నంతకాలమే ఆ వారంటీ. సీగేట్ ఐరన్‌వుల్ఫ్, డబ్ల్యూడీ (వెస్ట్రన్ డిజిటల్) రెడ్ ప్లస్‌లకు కంపెనీ ఇచ్చేది 3 ఏళ్లు, ఐరన్‌వుల్ఫ్ ప్రో, ఎక్సోస్, రెడ్ ప్రోలకు 5 ఏళ్లు. డిస్క్ రాగానే లేబుల్ మీది సీరియల్ నంబర్‌ను సీగేట్ లేదా డబ్ల్యూడీ సైట్‌లో కొట్టి చూడండి. గడువు తేదీ సరిగ్గా రావాలి. ఓఈఎం డ్రైవ్ (కంప్యూటర్ తయారీ కంపెనీలకు అమ్మినది) అనో, వేరే దేశానిదనో వస్తే కవర్ కూడా విప్పకుండా వెనక్కి పంపండి. జీఎస్టీ బిల్లు మీద సీరియల్ నంబర్ వేయమని ముందే మెసేజ్ పెట్టండి. నిజాయితీగా అమ్మేవాళ్లు దానికి అడ్డు చెప్పరు. అమెరికాలో ఉన్న బంధువులతో తెప్పించుకుందామని చాలామంది అనుకుంటారు. ధర కలిసొచ్చినా వారంటీ చాలాసార్లు అక్కడిదే అవుతుంది.

ప్యాకింగ్ కూడా చూడండి. ఉత్త బబుల్ కవర్‌లో చుట్టి పంపిన 3.5 అంగుళాల డ్రైవ్‌ని నేను ఉంచుకోను. రెండు చివర్లా ప్లాస్టిక్ తొడుగో ఫోమో ఉండి, పెట్టెలో కదలకుండా రావాలి. దారిలో పడిన దెబ్బ ఆ రోజే తెలియదు.

సెల్లర్, సైట్ ఇద్దరూ మొండికేస్తే 1915కి ఫోన్ చేయండి, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. అక్కడా తేలకపోతే మీ జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వేయవచ్చు, 2019 వినియోగదారుల రక్షణ చట్టం ఆ వెసులుబాటు ఇచ్చింది. 5 లక్షల లోపు కొనుగోలుకు ఫీజు లేదు. వ్యాపారానికి కొన్నారు కాబట్టి మీరు వినియోగదారు కాదని వాళ్లు వాదించవచ్చు. స్వయం ఉపాధితో బతకడానికి కొన్నదైతే చట్టం వర్తిస్తుంది.

మూడో ప్రశ్నకు నా జవాబు: ఒక 16 టీబీ వద్దు, 8 టీబీవి రెండు తీసుకోండి. ప్రతి పెళ్లి ఫుటేజ్ రెండింటిలోనూ ఉండాలి. రెండూ ఒకే సెల్లర్ దగ్గర, ఒకే రోజు కొనకండి. ఒకే బ్యాచ్‌లో లోపం ఉంటే రెండూ దాదాపు ఒకేసారి పోయే ప్రమాదం ఉంది. ఒకటి స్టూడియోలో, రెండోది ఇంట్లో పెట్టండి. చోటు చాలకపోతే, ఆల్బమ్, వీడియో అందజేసి ఎంతకాలం ఫుటేజ్ ఉంచుతారో అగ్రిమెంట్‌లో రాసుకుని, గడువు దాటినవి పెళ్లివారికి ముందుగా చెప్పి తీసేయండి. మేము ఏడాది ఉంచుతాం.