మా బాబాయి ఫోన్‌కి వచ్చిన చలానా: ఫిషింగ్‌ని ఎలా గుర్తుపట్టాలి?

"అచ్చుతప్పులు చూస్తే ఫేక్ మెసేజ్ అని తెలిసిపోతుందా? అసలు ఈ ఫిషింగ్‌లో ఎన్ని రకాలున్నాయి?" అని అడిగారు. ఫిషింగ్ అంటే తెలిసినవాళ్లలాగో, బ్యాంకులాగో, ప్రభుత్వంలాగో నటిస్తూ మెసేజ్ పంపి మన డబ్బు, వివరాలు కాజేసే మోసం. అచ్చుతప్పుల కాలం పోయిందండీ. ఇప్పుడొచ్చేవి మా ఆఫీసు మెయిళ్లకంటే శుభ్రంగా ఉంటున్నాయి. రకాలంటారా, పాతవి గుర్తుపెట్టుకునే లోపే కొత్తవి పుడుతున్నాయి. అందుకే పంపింది ఎవరన్నది పక్కనపెట్టి, మనల్ని ఏం చెయ్యమంటున్నారో చూడమంటాను. ఊరికే చెప్పట్లేదు, పోయిన ఏడాది మా బాబాయి ఖాతాలోంచి 18,400 రూపాయలు పోయాయి.

బాబాయి రిటైర్డ్ టీచర్, నరసరావుపేటలో ఉంటారు. ఒకరోజు పొద్దున్నే ఇరవై ఏళ్లుగా తెలిసిన తోటి మాస్టారి నంబరు నుంచి వాట్సాప్‌లో ఒక ఫైలు వచ్చింది. పేరు 'ఆర్‌టీఓ చలానా'. అంతకు ముందు వారమే ఆయన హెల్మెట్ లేకుండా గుంటూరు వెళ్లొచ్చారు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, వెంటనే నొక్కేశారు. ఇలాంటి యాప్ వేసుకోవద్దని ఫోన్ హెచ్చరించింది కూడా. గవర్నమెంటుది కదా అని సెట్టింగ్స్‌లోకి వెళ్లి మరీ అనుమతిచ్చారు. తర్వాత మెసేజ్‌లు చదవడానికి పర్మిషన్ అడిగితే అదీ ఇచ్చారు. తెర మీద ఏమీ కనబడలేదు, ఆయనా మర్చిపోయారు.

రాత్రి రెండుసార్లు డబ్బు కట్ అయ్యింది. ఓటీపీలు వచ్చినట్టు కూడా ఆయనకు తెలియదు, వాటిని ఆ యాప్ చదివేసి అవతలివాళ్లకు పంపింది. మర్నాడు పొద్దున అదే ఫైలు నాకూ వచ్చింది. పంపింది మా బాబాయి! ఆయన్నే అడుగుదామని ఫోన్ చేస్తే అప్పుడు బయటపడింది.

ఆ ఫైలు పేరు చివర 'ఏపీకే' అని ఉంది. అంటే అది కాగితం కాదు, యాప్. చలానా చూసుకోవడానికి ఎవరో పంపిన యాప్ అక్కర్లేదు, ప్రభుత్వ ఈ-చలానా సైటు మనమే తెరిచి బండి నంబరు కొడితే ఉందో లేదో కనబడుతుంది. పెళ్లి శుభలేఖ అనీ, పీఎం కిసాన్ అనీ వచ్చే ఏపీకేలదీ ఇదే కథ.

కరెంటు బిల్లుది ఇంకో తరహా. "ఈ రాత్రి 9.30కి మీ కరెంటు కట్ చేస్తాం, ఈ అధికారికి ఫోన్ చెయ్యండి" అని మామూలు పదంకెల నంబరు ఇస్తారు. చేస్తే స్క్రీన్ షేరింగ్ యాప్ ఒకటి వేయించి, పది రూపాయలు కట్టమంటారు. ఆ పది కట్టేటప్పుడు మనం కొట్టేదంతా వాళ్లు చూస్తుంటారు. మా లైన్‌మన్ అయితే గేటు ముందు నిలబడి వీధంతా వినబడేలా అడుగుతాడు, అది వేరే సంగతి.

నేను పాత ఫ్రిజ్ అమ్మకానికి పెడితే ఒకాయన బేరం కూడా ఆడకుండా క్యూఆర్ కోడ్ పంపి, "స్కాన్ చేసి పిన్ కొట్టండి, డబ్బులొస్తాయి" అన్నాడు. యూపీఐలో పిన్ కొట్టేది డబ్బు పంపడానికి, లేదంటే బ్యాలెన్స్ చూసుకోవడానికి. రావడానికి పిన్‌తో పనే లేదు. డల్లాస్‌లో ఉన్న మా బావమరిదికి టోల్ బాకీ ఉందని మెసేజ్ వచ్చింది. అక్కడ ఈ టోల్ మెసేజ్‌ల గురించి ఎఫ్‌బీఐ 2024లోనే హెచ్చరించింది.

లింకు వస్తే అడ్రసులో 'https://' తర్వాత వచ్చే మొదటి ఏటవాలు గీత (/) దాకా వెళ్లి, అక్కణ్ణుంచి వెనక్కి చదవండి. అసలు పేరు ఆ చివర్లోనే ఉంటుంది. ముందు బ్యాంకు పేరు ఎవరైనా తగిలించుకోవచ్చు. 2025 అక్టోబరు 31లోగా బ్యాంకులు తమ సైట్లను 'డాట్ బ్యాంక్ డాట్ ఇన్'కి మార్చుకోవాలని రిజర్వ్ బ్యాంకు చెప్పింది కాబట్టి, మన బ్యాంకుల విషయంలో ఇప్పుడు ఇది కాస్త తేలిక.

డబ్బు పోతే ఆలస్యం చెయ్యకుండా సైబర్ మోసాల ప్రభుత్వ హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్యండి. మేం చేసినప్పుడు ట్రాన్సాక్షన్ నంబరు, టైము, ఎంత పోయింది అని అడిగారు. అవి కాగితం మీద రాసి పెట్టుకోకపోవడంతో వెతుక్కునేసరికి పది నిమిషాలు పోయాయి. చివరికి రెండోసారి కట్ అయిన 9,000 అవతలి ఖాతాలో ఆగింది, చేతికి రావడానికి మూడు నెలలు పట్టింది. మొదటిది మాత్రం పోయినట్టే.

ఇంకో పొరపాటు కూడా చేశాం. కంగారులో బాబాయి అదే ఫోన్‌లో బ్యాంకు పాస్‌వర్డ్ మార్చబోయారు. ఆ ఓటీపీ కూడా వాళ్లకే వెళ్తుంది కదా! ముందు ఆ ఫోన్‌లో నెట్ ఆపేసి, సిమ్ తీసి వేరే ఫోన్‌లో వేసి, అక్కణ్ణుంచి మార్చుకోవాలి. పాత ఫోన్ రీసెట్ చేశాకే మళ్లీ వాడాలి.