కొత్తగా లోక్‌సభకు వెళ్లిన మేనకోడలికి

చి.సౌ. అమ్మాయికి మామయ్య ఆశీస్సులు.

ప్రమాణ స్వీకారం అయింది, దండలు వాడిపోయాయి, ఈపాటికి వినతిపత్రాల కట్టలు మొదలై ఉంటాయి. రాజకీయం నీకు నాకన్నా బాగా తెలుసు. ఎంపీలకు ప్రశ్నలు రాసిపెట్టడమే నా ఉద్యోగంగా గడిచింది కాబట్టి ఆ ఒక్క సంగతే చెబుతాను.

ముందు ఆ కట్టలను కేంద్రానివి, రాష్ట్రానివి అని విడదీయించు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో డాక్టరు లేరని లోక్‌సభలో అడిగితే, అది రాష్ట్ర పరిధిలోని అంశమని ఒక్క వాక్యంలో తేల్చేస్తారు. కేంద్ర పథకాల నిధులు జిల్లాలో ఎలా ఖర్చవుతున్నాయో అడగడానికి దిశ కమిటీ ఉంది. 2016 నుంచి నడుస్తున్న ఆ కమిటీకి ఎంపీయే అధ్యక్షత వహిస్తారు, కలెక్టరు సభ్య కార్యదర్శి. మూడు నెలలకు ఒకసారి సమావేశం జరగాలి. పట్టుబట్టకపోతే ఏడాదికి ఒకటి జరగడమూ కష్టమే, కాబట్టి పట్టుబట్టు.

ఇక ప్రశ్నల సంగతి. నువ్వు ఫోనులో చెప్పిన రైల్వే గేటునే తీసుకుందాం. ‘గేటు వల్ల ప్రజలు ఇబ్బంది పడుతున్న మాట నిజమేనా, ప్రభుత్వం తీసుకుంటున్న చర్యలేమిటి’ అని రాశావనుకో, దేశం మొత్తం మీద ఎన్ని వంతెనలు కట్టారో చెబుతూ పేజీలకు పేజీలు సమాధానం వస్తుంది. అందులో నీ గేటు ఉండదు. అదే ఇలా అడిగి చూడు: ఫలానా నంబరు లెవెల్ క్రాసింగు దగ్గర పైవంతెన ఏ సంవత్సరంలో మంజూరైంది? రాష్ట్ర ప్రభుత్వం తన వాటా ఇస్తానని రాసి ఇచ్చిందా, ఇస్తే ఏ తేదీన? వంతెన నమూనా పటం ఎవరి ఆమోదం కోసం, ఎప్పటి నుంచి ఆగి ఉంది? గేటు దగ్గర వాహనాలను చివరిసారి లెక్కించింది ఎప్పుడు, వచ్చిన అంకె ఎంత?

వీటిలో దేనికీ ‘తగు చర్యలు తీసుకుంటున్నాం’ అనేది సమాధానం కాదు. చివరి ప్రశ్న మాత్రం వదిలిపెట్టకు. రైల్వేవాళ్లు గేటు రద్దీని టీవీయూల్లో కొలుస్తారు, అంటే రోజూ వెళ్లే రైళ్ల లెక్కను వాహనాల లెక్కతో గుణిస్తే వచ్చే అంకె. అది పాతబడిపోతే, గేటుకు అటూ ఇటూ అంబులెన్సులు నిలిచిపోయినా కాగితం మీద మాత్రం రద్దీ కనిపించదు.

ప్రశ్న 150 మాటలు దాటకూడదు. కనీసం 15 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి, ఆ తర్వాత ఏ ప్రశ్నలు తీసుకోవాలో లాటరీ తీస్తారు. రోజుకు నక్షత్రపు గుర్తు ప్రశ్నలు, అంటే మంత్రి సభలో నోటితో జవాబు చెప్పాల్సినవి 20, గుర్తు లేనివి, అంటే రాతలో జవాబిచ్చేవి 230. అందరూ నక్షత్రం కోసమే ఎగబడతారు. ఆ ఇరవైలో సభలో నోటి సమాధానం దాకా వచ్చేవి చాలా రోజుల్లో నాలుగైదే. నన్నడిగితే, వివరం రాబట్టడానికి నక్షత్రం లేని ప్రశ్నే మేలు. రాతపూర్వక సమాధానం చేతిలో ఉంటే రేపు ఎవరూ మాట మార్చలేరు. నక్షత్రం దక్కి నీ వంతు వస్తే అనుబంధ ప్రశ్నలు రెండు వేయవచ్చు. అప్పుడు ఉపోద్ఘాతం చెప్పకు. స్పీకర్ ‘ప్రశ్న అడగండి’ అనే లోపలే తేదీ ఎప్పుడని అడిగెయ్యి.

జీరో అవర్‌లో, అంటే అత్యవసర విషయాలు లేవనెత్తే సమయంలో మాట్లాడాలంటే ఆ ఉదయం పది గంటల్లోగా నోటీసు ఇవ్వాలి. వీడియోకు బాగుంటుంది, ఊళ్లో సంతోషిస్తారు, కానీ మంత్రి బదులు చెప్పి తీరాలన్న నియమం లేదు. లోక్‌సభ నియమావళిలోని 377 నిబంధన కింద 250 మాటల్లో ఇచ్చే ప్రస్తావన పత్రికల్లో రాదు, కానీ శాఖ నుంచి రాతపూర్వకంగా జవాబు వస్తుంది. నాకు దాని మీదే మక్కువ. సభలో తెలుగులో మాట్లాడాలనుకుంటే లోక్‌సభ సచివాలయానికి ముందుగా చెప్పు, అనువాదం ఏర్పాటు చేస్తారు. అంకెలు మాత్రం నెమ్మదిగా పలుకు.

జవాబు వచ్చాక చాలామంది ఎంపీలు దాన్ని ఫేస్‌బుక్‌లో పెట్టి మరిచిపోతారు. అసలు పని అక్కడే మొదలవుతుంది. అడగందే అమ్మయినా పెట్టదంటారు, ప్రభుత్వమైతే ఒకసారి అడిగినా పెట్టదు. మంత్రి ‘పరిశీలనలో ఉంది’ అన్నారంటే నిరుత్సాహపడకు. మనకు అది తప్పించుకునే మాటలా వినిపిస్తుంది గానీ, పార్లమెంటు లెక్కలో హామీగా పరిగణించే మాటల జాబితాలో అదీ ఉంది. హామీని మూడు నెలల్లో నెరవేర్చాలి. లేదంటే ఎందుకు ఆలస్యమైందో లోక్‌సభ హామీల కమిటీకి శాఖ చెప్పుకోవాలి, గడువు పొడిగించమని అడగాలి. మంత్రి ఆ మాట అన్న తేదీని డైరీలో రాసుకుని, మూడో నెల చివర నువ్వే గుర్తు చెయ్యి.

మంత్రులకు రాసే ఉత్తరాల్లో ఒక ఉత్తరానికి ఒకే విషయం ఉండాలి. ఎనిమిది కోరికలు ఒకే కాగితం మీద పెడితే అది ఏ సెక్షన్‌కు వెళ్లాలో తేలక బల్లలు మారుతూనే ఉంటుంది. ఎంపీ ఉత్తరం అందినట్టు 15 రోజుల్లో తెలియజేయాలని, మరో 15 రోజుల్లో జవాబివ్వాలని కేంద్ర కార్యాలయాలకు ఆదేశాలున్నాయి. జవాబు రాకపోతే రెండో ఉత్తరంలో మొదటిదాని తేదీ వేసి, ఈ ఆదేశాన్నీ ప్రస్తావించు. మంత్రిని కలిసి ఫొటో దిగడం తప్పు కాదు, బయటికొచ్చాక ఆయన కార్యాలయంలో ఆ ఫైలు చూసే అధికారిని కూడా కలిసి రా. ఫైలు ఏ బల్ల మీద ఉందో ఆయనకే తెలుస్తుంది.

ఏడాదికి ఐదు కోట్ల ఎంపీ నిధులు చూపించి, వంతెన వాటితోనే కట్టేయమని అడిగేవాళ్లు వస్తారు. ఆ డబ్బుకు వంతెన రాదని మొదట్లోనే చెప్పేయి, తర్వాత చెబితే నమ్మరు.

గేటు నంబరు, రాష్ట్ర రోడ్లు, భవనాల శాఖ ఇచ్చిన చివరి ఉత్తరం నకలు నాకు పంపు. వచ్చే సమావేశాల నోటీసు గడువులోపు ముసాయిదా రాసి ఉంచుతాను.

మీ మామయ్య