మూత కింద మీగడ చూసి ఇంజన్ విప్పించకండి

అన్నా, కావలిలో మీ 2006 మారుతి 800కి ఆయిల్ పోసే మూత కింద కాఫీ రంగు మీగడ కనిపించిందని, మెకానిక్ చూడగానే హెడ్ గ్యాస్కెట్ పోయిందన్నాడని రాశారు. అది ఇంజన్ పై భాగానికీ (హెడ్) కింది భాగానికీ మధ్య ఉండే పొర; పోతే ఇంజన్‌ను చల్లబరిచే నీళ్లు (కూలెంట్) ఆయిల్‌లో కలవొచ్చు. టెన్షన్ వద్దు, అప్పుడే హెడ్ దించనివ్వకండి. రోజూ ఇంటి నుంచి స్టేషన్ దాకానే నడుపుతానన్నారు కదా. ఇంజన్ బాగా వేడెక్కకముందే ఆపేస్తుంటే లోపలి ఆవిరి చల్లబడి, ఆయిల్‌తో కలిసి మీగడలా మూతకే అంటుకుంటుంది. నవంబర్ ముసురులో ఒంగోలులో మా బండికీ ఇదే వచ్చింది.

ఆయిల్ మట్టం చూసే కడ్డీ, అదే డిప్‌స్టిక్, తీసి చూడండి. ఆయిల్ మజ్జిగలా తెల్లబడకుండా, మట్టం పెరగకుండా ఉంటే సగం భయం పోయినట్టే.

తర్వాత రాత్రంతా బండి కదపకండి. పొద్దున్నే స్టార్ట్ చేయకుండానే ఇంజన్ అడుగున ఆయిల్ వదిలే డ్రెయిన్ బోల్టు మెల్లగా వదులు చేసి, మొదట వచ్చే నాలుగు చెంచాలు గాజు సీసాలో పట్టండి. నీళ్లు ఆయిల్ కంటే బరువు కాబట్టి అడుగునే ఉంటాయి. సీసా బాగా కుదిపి, ఒక్క చుక్క వేడి పెనం మీద వేయండి. నీళ్లుంటే పోపులో ఆవాల్లా చిటపటమంటుంది. పాత పెనం, అదీ ఆరుబయట. ఇంట్లో తిట్లు నేను తిన్నాను.

శబ్దం రాకపోతే మూత తుడిచి, హైవే మీద నెల్లూరు దాకా ఒకసారి వెళ్లి రండి. చిటపటమన్నా, కూలెంట్ రోజురోజుకీ తగ్గుతున్నా మాత్రం బండి నడపొద్దు, బేరింగులు పోతాయి. అప్పుడు కూడా ముందు సిలిండర్లలో ఒత్తిడి కొలిచే కంప్రెషన్ చెక్ చేయించండి. పక్కపక్క సిలిండర్లు రెండూ తక్కువ చూపిస్తే మీ మెకానిక్ మాటే నిజం కావచ్చు.